మన తగాదాలోకి బుస్సీని పిలిచిందెవరు?

బొబ్బిలి యుద్ధం గురించి మా వైపు ఎవరితో మాట్లాడినా రెండు నిమిషాల్లో కథ తాండ్ర పాపారాయుడి దగ్గరికి వెళ్ళిపోతుంది. రాత్రిపూట గుడారంలోకి దూరడం, విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచేయడం, తనూ అక్కడే చచ్చిపోవడం. బుర్రకథల్లో విని పెరిగినవాళ్ళం, ఒళ్ళు గగుర్పొడవకుండా ఎలా ఉంటుంది? నాకూ పొడుస్తుంది. కానీ ఈ కథలో పౌరుషం గురించి మాట్లాడుకున్నంతగా నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. బొబ్బిలివాళ్ళు వాగుల నీళ్ళు తమవైపు మళ్ళించుకుంటున్నారని విజయనగరం వాళ్ళ ఫిర్యాదు. దానికి సరిహద్దు గొడవలు, రాత్రిపూట దొమ్మీలు, ఎవరి ఇల్లు పెద్దదన్న పంతం. అంటే ఏ ఊళ్ళోనైనా పక్కపక్క పొలాలవాళ్ళకి ఉండే తగాదానే, కాకపోతే ఇద్దరికీ కోటలున్నాయి.

సరే, తగాదా ఉంది. తీర్చేదెవరు? నాకు కావలసిన ప్రశ్న ఇదే. ఒక దేశం బయటివాడి నుంచి తనను తాను కాపాడుకోవాలంటే రాజకీయంగా ఒక్కటిగా ఉండాలి అని అందరూ అంటారు, స్కూల్లో కట్టెల మోపు కథ కూడా చెప్తారు. కానీ ఒక్కటిగా ఉండడమంటే ఏమిటి, పెద్ద సైన్యమా? ఉత్తర సర్కారుల, అంటే మన ఉత్తర కోస్తా జిల్లాల చరిత్ర చదివేకొద్దీ నాకు వేరేలా అనిపిస్తోంది. సైన్యం సంగతి తర్వాత. ముందు పక్కవాడితో గొడవ వస్తే వెళ్ళి చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలి. అది లేనప్పుడు జనం బయటివాడి దగ్గరికే వెళ్తారు. మన దగ్గర అక్షరాలా అదే జరిగింది, అదీ ఒక్కసారి కాదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1748లో మొదటి నిజాం ఉల్ ముల్క్ పోయాడు. దక్కన్ అంతా చేతిలో ఉంచుకున్న మనిషి, పోయేసరికి కొడుకులు, కూతురి కొడుకు, అందరూ పోటీకి దిగారు. నాసిర్ జంగ్ 1750 డిసెంబరులో తన వెంట వచ్చిన కడప నవాబు చేతిలోనే చచ్చాడు. తర్వాత గద్దెక్కిన మేనల్లుడు ముజఫర్ జంగ్ రెండు నెలలు తిరక్కుండా రాయచోటి దగ్గర పఠాన్ నవాబులతో కొట్లాటలో పోయాడు. ఆ పక్కనే ఉన్న ఫ్రెంచి అధికారి బుస్సీ, చెరలో ఉన్న సలాబత్ జంగ్‌ని బయటికి తీసి గద్దె మీద కూర్చోబెట్టాడు. ఒక్కసారి ఆలోచించండి, దక్కన్ సుబేదారు, అంటే దక్కన్ పాలకుడు ఎవరో తేల్చింది పాండిచ్చేరి నుంచి వచ్చిన కొద్దిపాటి సైన్యం. వాళ్ళేం యుద్ధం చేసి గెలుచుకోలేదు, ఒక వారసుడికి సాయంగా వచ్చారు, అంతే. సాయానికి జీతం ఉంటుంది కదా. 1753లో ఆ జీతం కింద శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం, అంటే కొండపల్లి సర్కారు, ఈ నాలుగూ బుస్సీ చేతికి వచ్చాయి. ఒక్క తుపాకీ పేలకుండా సముద్రం ఒడ్డున వందల మైళ్ళ నేల.

ఇక్కడ్నుంచి పిలుపుల వరస మొదలవుతుంది చూడండి. శ్రీకాకుళం, రాజమహేంద్రవరాల ఫౌజ్‌దారు, అంటే నిజాం తరఫున ఆ సర్కారులు ఏలే అధికారి జాఫర్ అలీ ఫ్రెంచివాళ్ళకి నేల వదలనన్నాడు. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుని తనతో కలుపుకున్నాడు. ఇద్దరూ నిలబడి ఉంటే ఏమయ్యేదో గానీ, ఫ్రెంచివాళ్ళు విజయరామరాజుకి తక్కువ శిస్తుకే ఇజారా, అంటే వసూలు హక్కు, ఇస్తామనేసరికి ఆయన అటు వెళ్ళిపోయాడు. ఒంటరైన జాఫర్ అలీ ఏం చేశాడు? నాగపూర్ భోంస్లే మరాఠాలని పిలిచాడు. వాళ్ళొచ్చి 1754లో ఊళ్ళు దోచుకుని వెళ్ళిపోయారు. ఎవరి ఊళ్ళు? అటు జాఫర్ అలీవీ కావు, ఇటు బుస్సీవీ కావు, మనవే. చరిత్ర పుస్తకాల్లో ఇది అరపేరా కూడా ఉండదు, కానీ ఆ ఏడాది పంట ఇంటికి చేరని రైతుకి అదే మొత్తం చరిత్ర.

విజయరామరాజు లెక్క మాత్రం బాగానే పనిచేసింది. 1756లో సలాబత్ జంగ్‌తో చెడి బుస్సీ హైదరాబాదులో చిక్కుకున్నప్పుడు సర్కారుల్లో చాలామంది జమీందార్లు శిస్తు ఎగ్గొట్టారు, ఈయన మాత్రం బుస్సీని వదల్లేదు. ఆ తర్వాత బుస్సీ సైన్యంతో ఇటు వచ్చినప్పుడు ఆ విశ్వాసానికి ప్రతిఫలం అడిగాడు. బొబ్బిలి కావాలి. బొబ్బిలి రాజు రంగారావుకి, కోట వదిలేయ్, వేరేచోట భూములిస్తాం అని కబురు వెళ్ళింది. ఆయన ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటాడు? ఈలోగా ఆ వైపు వెళ్తున్న ఒక చిన్న సిపాయిల దళాన్ని ఎవరో చంపేశారు, నేరం రంగారావు మీద పడింది, విజయరామరాజే చేయించాడేమోనని అప్పట్లోనే అనుమానం. బుస్సీకి అంతకంటే కారణం అక్కర్లేదు.

1757 జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు మట్టికోట బురుజుల మీద పేలాయి. తెల్లారకముందు మొదలైన పోరు మధ్యాహ్నం దాటినా ఆగలేదు. ఇక నిలవదని తెలిశాక కోటలోవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు, శత్రువు చేతికి చిక్కకూడదని. ఈ ముక్క నేను బుర్రకథలో విన్నప్పుడు వీరగాథలా ఉండేది. ఇప్పుడు ఇంట్లో పిల్లలున్నారు, అలా వినలేను. మూడో రాత్రి విజయరామరాజూ పోయాడు. నీళ్ళ తగాదా పెట్టుకున్న రెండిళ్ళ పెద్దలూ నాలుగు రోజుల్లో లేరు. బుస్సీకి మాత్రం గీత కూడా పడలేదు.

మా బావ విజయనగరం వాడు. ఈ విషయం ఎత్తితే, "మీవాళ్ళు నీళ్ళు మళ్ళించకపోతే ఇదంతా ఎందుకొచ్చేది బావా" అంటాడు. "మీరు బుస్సీ ఫిరంగులు అద్దెకి తెచ్చుకోకపోతే ఎందుకొచ్చేది" అని నేనంటాను. రెండున్నర శతాబ్దాలు దాటింది, మేమిద్దరం ఇప్పటికీ తప్పు ఎదుటివాడి మీదికే తోస్తున్నాం, మధ్యలో ఉన్న ఫ్రెంచివాడిని ఇద్దరం మర్చిపోతాం. బుస్సీ గొప్ప తెలివంతా మనవాళ్ళ ఈ గుణం మీదే నడిచింది.

తర్వాతి అంకం ఇంకా విచిత్రం. విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్ళతో పడలేదు. 1758లో ఆయన విశాఖపట్నం ఫ్రెంచివాళ్ళ నుంచి లాక్కుని, రండి మీకిస్తాను, వీళ్ళని వెళ్ళగొడదాం అని ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు. ముందు మద్రాసుకి పంపాడు. మద్రాసువాళ్ళకి ఊపిరాడే స్థితి లేదు, ఫ్రెంచి సేనాని లాలీ మీదికొస్తున్నాడు. దాంతో కలకత్తా. అక్కడి కౌన్సిల్లో చాలామందికి ఇష్టం లేకపోయినా క్లైవ్ ఒప్పించి కర్నల్ ఫోర్డ్‌ని ఐదొందలకు దగ్గరగా తెల్లసైనికులతో, రెండువేల దాకా సిపాయిలతో ఓడల మీద పంపాడు.

నన్నడిగితే మొత్తం కథకి కీలకం ఇక్కడుంది. మద్రాసు, కలకత్తా, బొంబాయి, మూడూ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి వేర్వేరు కొట్లు, వేర్వేరు గవర్నర్లు, లోపల బోలెడు అసూయలు, ఉత్తరాల్లో ఒకరినొకరు తిట్టుకునేవారు కూడా. కానీ జెండా ఒకటే, ఖజానా చివరికి ఒకటే. మద్రాసు ఇరుక్కుంటే బెంగాల్ డబ్బుతో గోదావరి ఒడ్డున యుద్ధం చేయగలిగారు, అక్కడ దెబ్బ తగిలితే మద్రాసు మీద ఒత్తిడి తగ్గుతుందని లెక్క వేసుకోగలిగారు. ఇటు చూస్తే బొబ్బిలికి ఆపద వస్తే పెద్దాపురం ఎందుకు కదలాలి? పెద్దాపురానికి వస్తే మొగల్తూరుకేం పట్టింది? కాబట్టి ఐక్యత లేక ఓడిపోయాం అని ఊరికే అనడం సగం మాటే. ఐక్యత ఆ రోజుల్లో కూడా పనిచేసింది, ఎదుటివాడి దగ్గర ఉంది. అటు ఫ్రెంచివాళ్ళు ఆ సంగతి మర్చిపోయి దెబ్బతిన్నారు, సర్కారుల్లో అంతా చేతిలో ఉన్న బుస్సీని లాలీ మద్రాసు కోసమని వెనక్కి పిలిపించేసి, ఆ స్థానంలో ఈ నేల గురించి ఏమీ తెలియని కోన్‌ఫ్లాని కూర్చోబెట్టాడు.

1758 డిసెంబరులో రెండు సైన్యాలూ పిఠాపురానికి దగ్గర్లో చందుర్తి దగ్గర తలపడ్డాయి. ఈ యుద్ధంలో ఒక జొన్నచేను ఉంది, దాన్ని చెప్పకుండా ఉండలేను. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలకి ఎర్రకోట్లుండేవి. దక్కన్‌లో ఫ్రెంచివాళ్ళు చూసిన సిపాయిలకి అవి లేవు. ఎర్రకోట్లు కనపడగానే వీళ్ళే ఇంగ్లీషు దొరలనుకుని ఫ్రెంచి బలగం అంతా వాళ్ళ మీద పడింది. అసలు తెల్లసైనికుల వరస ఎత్తుగా పెరిగిన జొన్నచేను చాటున ఉంది. సిపాయిలు వెనక్కి తగ్గుతుంటే ఫ్రెంచివాళ్ళు గెలిచామని వరసలు చెదిరి తరుముకుంటూ వచ్చారు, పక్కనించి చేనులోంచి తుపాకులు పేలాయి. అంతే. ఎవరో కష్టపడి వేసుకున్న జొన్న. ఇంతా చేసి ఆనందరాజు సైన్యం ఆ రోజు పెద్దగా చేసిందేమీ లేదు.

ఒప్పందం ప్రకారం ఆయన కట్టాల్సింది మాత్రం ఉంది, సైన్యం ఖర్చుకి నెలకి యాభైవేల రూపాయలు. లోపలి భూములు రాజుకి, విశాఖపట్నం నుంచి మచిలీపట్నం దాకా సముద్రపు ఒడ్డు కంపెనీకి అని పంపకం. ఒడ్డు ఇచ్చేస్తే లోపలి భూమి ఎన్నాళ్ళుంటుందో ఆయనకి తట్టలేదు, తట్టినా వేరే దారి కనపడలేదేమో. డబ్బు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చి వారాల తరబడి ఆగిపోయారు. చివరికి 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి, సముద్రం పోటు తగ్గిన సమయం చూసుకుని, బురదలోంచి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న మచిలీపట్నం కోట మీదికి వెళ్ళారు. తెల్లారేసరికి కోట లొంగిపోయింది. లొంగిపోయినవాళ్ళు దాడి చేసినవాళ్ళకంటే ఎక్కువమంది.

మరి సలాబత్ జంగ్ ఎక్కడ? పెద్ద సైన్యంతో దగ్గర్లోనే ఉన్నాడు. ఫోర్డ్ దగ్గర మిగిలిన పిడికెడుమంది మీద పడవచ్చు. పడలేదు, ఎందుకంటే తమ్ముడు నిజాం అలీ హైదరాబాదు వైపు కదులుతున్నాడని కబురు. గద్దె పోతుందన్న టెన్షన్‌లో మే నెలలో ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకుని మచిలీపట్నం చుట్టుపక్కల నేల రాసిచ్చేశాడు. గద్దె ఎలాగూ దక్కలేదు, రెండుమూడేళ్ళలో తమ్ముడు బీదరు కోటలో బంధించాడు, అక్కడే పోయాడు. ఈ గొడవంతా తెచ్చిన ఆనందరాజు మొహం ముడుచుకుని అంతకుముందే ఇంటిదారి పట్టాడు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను, ఇందులో యుద్ధాలకంటే కాగితాలెక్కువ. 1765లో క్లైవ్ మొగలు పాదుషా షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకి ఫర్మానా రాయించుకున్నాడు, 1766లో కాండ్రేగుల జోగిపంతులు మధ్యవర్తిత్వంతో నిజాం అలీ ఏటా సొమ్ము తీసుకుని ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు, 1768లో ఇంకో సంధి, 1823లో ఆ మిగిలిన బాకీ కూడా ఒకేసారి తీర్చేసి కంపెనీ లెక్క మూసేసింది.

విజయనగరం ఏమైంది? ఆనందరాజు తర్వాత గద్దె మీదికి చిన్న పిల్లవాడు చిన విజయరామరాజు వచ్చాడు. పెత్తనమంతా సవతి అన్న సీతారామరాజుది. ఆ అన్నదమ్ముల పంచాయితీ మద్రాసు గవర్నరు దాకా ఎక్కింది, ఎక్కిన ప్రతిసారీ మద్రాసుకి లాభం. చివరికి కంపెనీ రాజు సైన్యాన్ని రద్దు చేయించి, పేష్కష్ (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిలు లెక్కగట్టి, నెలకి 1200 రూపాయలు భత్యం ఇస్తాం, సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్ళిపొమ్మంది. ఆయన వెళ్ళలేదు. విజయనగరానికీ భీమిలికీ మధ్య పద్మనాభం దగ్గర తన మనుషులతో మకాం వేశాడు. 1794 జూలై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళం వాళ్ళ మీద పడింది. గంటలో అయిపోయింది, రాజుతో పాటు ఆయన చుట్టూ నిలబడ్డ సర్దార్లూ నేలకొరిగారు. విశాఖపట్నం చేతిలో పెట్టి పిలిచిన ఇంటికే ముప్ఫై ఆరేళ్ళ తర్వాత ఆ పిలుపు తిరిగొచ్చింది. బొబ్బిలికి ఉన్న పాట పద్మనాభానికి లేదు, ఎందుకో తెలియదు గానీ నాకు రెండోదే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఇదే 1794 మార్చిలో భూగోళానికి ఆవలి వైపు అమెరికా ఆరు యుద్ధనౌకలు కట్టడానికి చట్టం చేసుకుంది. దీన్ని ఎందుకు తెస్తున్నానంటే, అంతకు పదేళ్ళ ముందు వాళ్ళ పరిస్థితి మన సర్కారుల్లాగే ఉంది. బ్రిటన్ నుంచి విడిపోయిన పదమూడు రాష్ట్రాలు, పైన పేరుకి ఒక కాంగ్రెస్, దానికి పన్ను వేసే అధికారం లేదు. దిగుమతుల మీద చిన్న సుంకం వేద్దామంటే పదమూడూ ఒప్పుకోవాలి, రోడ్ ఐలాండ్ అనే బుల్లి రాష్ట్రం ఒక్కటీ 1782లో కాదంది, అంతే సంగతులు. 1785లో అల్జీర్స్ ఓడదొంగలు మరియా, డాఫిన్ అనే రెండు అమెరికన్ ఓడల్ని పట్టుకుని 21 మందిని బందీలు చేస్తే విడిపించడానికి డబ్బు లేదు, బెదిరించడానికి నౌక లేదు, ఉన్న ఆఖరి యుద్ధనౌకని అదే ఏడాది అమ్మేసుకున్నారు. సంధి ప్రకారం ఖాళీ చేయాల్సిన సరిహద్దు కోటల్లో బ్రిటిషువాళ్ళు దర్జాగా కూర్చున్నారు, మీ రాష్ట్రాలు మా వర్తకుల బాకీలు తీర్చనివ్వడం లేదు కదా అని సాకు. కొత్త రాజ్యాంగం 1789లో వచ్చాకే పన్నులు, నౌకలు. బందీల్లో బతికి ఉన్నవాళ్ళు సొమ్ము కట్టాక 1796లో విడుదలయ్యారు, కోటలు కూడా అదే ఏడాది ఖాళీ అయ్యాయి. వాళ్ళు మనకంటే గొప్పవాళ్ళేం కాదు, పదమూడు మందీ నీతిమంతులేం కాదు, బానిసల విషయంలో వాళ్ళు చేసుకున్న రాజీ తర్వాత ఎంత రక్తం పారించిందో తెలిసిందే. కానీ ఎవరి గొడవకి వారు లండన్‌నో మాడ్రిడ్‌నో పిలుచుకునే అవసరం లేకుండా ఒక ఏర్పాటు చేసుకోగలిగారు.

ఇది చెప్పినప్పుడు మా బావ ఒక మంచి మాటే అడిగాడు. "సరే, ఒకటవ్వాలి. ఎవరి కింద? బొబ్బిలివాళ్ళు విజయనగరం కింద ఒకటవ్వాలా?" నిజమే. నిజాం రాజ్యం కూడా పటం మీద ఒక్కటే, హైదరాబాదు నుంచి శ్రీకాకుళం దాకా. కానీ అది శిస్తు పైకి వెళ్ళే మెట్లు మాత్రమే, పైనుంచి న్యాయం కిందికి దిగే దారి అందులో లేదు. అలాంటి ఒక్కటి కింద ఉన్న జమీందారుకి హైదరాబాదైతేనేం, పాండిచ్చేరి అయితేనేం, శిస్తు తగ్గించేవాడే దేవుడు. విజయరామరాజుని ద్రోహి అనేయడం తేలిక, ఆయన దేనికి ద్రోహం చేశాడంటే మాత్రం జవాబు తడుముకోవాలి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఇదే భయం చెప్పారు, దేశం స్వాతంత్ర్యం పోగొట్టుకున్నది తన మనుషుల వల్లేనని, సింధు రాజు దాహిర్ సేనానుల నుంచి జైచంద్ దాకా పేర్లు పెట్టి మరీ. ఆయన కోప్పడి ఊరుకోలేదు, పక్కన ఒక రాజ్యాంగం పెట్టి మరీ చెప్పారు.

ఆ రాజ్యాంగంలో రక్షణ, విదేశీ వ్యవహారాలు, సంధులు, యుద్ధం అన్నీ కేంద్రం జాబితాలో ఉంటాయి, ఏ ముఖ్యమంత్రీ ఇంకో దేశంతో సంధి చేసుకోలేడు. బయటి దాడి నుంచి ప్రతి రాష్ట్రాన్నీ కాపాడాల్సిన బాధ్యత కేంద్రానిదని 355వ అధికరణం చెప్తుంది. ఆనందరాజు ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టిన ఆ విశాఖపట్నంలోనే ఇప్పుడు తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. ఆ రాత్రి కాపలా ఖర్చులో పంజాబు గోధుమ రైతు పన్నూ ఉంది, బెంగాల్ జూటు మిల్లు పన్నూ ఉంది, మేం వాళ్ళని బతిమాలుకోలేదు, నెలకి యాభైవేలు కడతామని రాసివ్వలేదు.

నాకు మాత్రం ఘాజీ కంటే ఎక్కువ చెప్పుకోదగ్గది నాగార్జునసాగర్. 2023 నవంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణలో పోలింగ్ జరిగే రోజు, ఆంధ్రప్రదేశ్ పోలీసులు డ్యామ్ మీదికి వచ్చి సగం గేట్లు తమ అధీనంలోకి తీసుకున్నారు. రెండు రాష్ట్రాల పోలీసులూ డ్యామ్ మీద ఎదురెదురుగా. టీవీల్లో ఇరువైపులా మాటలు విన్నవాళ్ళకి తెలుసు, 1757లో బొబ్బిలి, విజయనగరాల మధ్య ఇంతకంటే ఎక్కువ వేడి ఉండి ఉంటుందని నేననుకోను. గొడవ కూడా అదే, నీళ్ళు. తర్వాత జరిగింది ఏమిటి? కేంద్రం మాట్లాడింది, సీఆర్‌పీఎఫ్ వచ్చి డ్యామ్ మీద నిలబడింది, కృష్ణా బోర్డు మీటింగులు, మళ్ళీ కాగితాలు. చూడటానికి చాలా చప్పగా ఉంటుంది, ఎవరూ బుర్రకథ కట్టరు.

ఇంత మెచ్చుకున్నానని అంతా బాగుందనుకోకండి. కృష్ణా మీద 1969లో బచావత్ ట్రిబ్యునల్, 2004లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్, ఇంత కాలం సాగదీయడం ఏ లెక్కన చూసినా అన్యాయం, సాగర్ కాలువ చివరి భూముల రైతుకి ట్రిబ్యునల్ గడువు పొడిగించారన్న వార్త వల్ల తడి అందదు. దక్షిణాది రాష్ట్రాలు పన్నుల వాటా గురించి, రేపు లోక్‌సభ సీట్ల పంపకం గురించి అడుగుతున్నవి కూడా దేశం మీద అలక అనుకుని కొట్టిపారేసేవి కావు. ఢిల్లీ హైదరాబాదు నిజాంలా తయారైతే ఏమవుతుందో పైన రాసిందంతా అదే. ఎవరైనా కేంద్రంలో పనిచేసేవాళ్ళు ఇది చదువుతుంటే, ముందు ఆ కృష్ణా తీర్పు సంగతి తేల్చండి, ఖరీఫ్ ఎలాగూ మళ్ళీ వస్తోంది.